కలిమా వదిలేసి శ్వాస ఒక్కటే గమనిస్తే అది సూఫీ ధ్యానమేనా?

కాజీపేట జంక్షన్: నేను హిందువును. అఫ్జల్ బియాబానీ దర్గాకు చిన్నప్పటి నుంచి పోతున్నాను. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన పాసే అన్ఫాస్ అనే సూఫీ శ్వాస ధ్యానం నేర్పారు. ఊపిరి వదులుతూ మనసులో ‘లా ఇలాహ’, పీలుస్తూ ‘ఇల్లల్లాహ్’ అనుకోవాలి, ఇవి ముస్లింల విశ్వాస వాక్యమైన కలిమాలోని మాటలు. నైట్ డ్యూటీ టెన్షన్ తగ్గింది, నిద్ర పడుతోంది. ఆ మాటలు మానేసి శ్వాస మాత్రం చూసుకుంటే సరిపోదా?

హన్మకొండ టీచరమ్మ: దానికి విపశ్యన ఉంది తమ్ముడూ, మంచిదే, చేసుకోండి. ఇక్కడ పని చేసేదే ఆ మాటలు. ‘ఏ దేవుడూ లేడు’ అంటూ లోపలున్నదంతా ఊపిరితో బయటికి తోసేయాలి. ‘అల్లాహ్ తప్ప’ అంటూ ఆయన ఒక్కణ్నే లోపలికి తెచ్చుకోవాలి. పైకి వినిపించే జిక్ర్, అంటే దైవనామ స్మరణ, చూశారా? తల కుడివైపు తిప్పి, ‘ఇల్లల్లాహ్’ అంటూ ఎడమకు, గుండె మీద దెబ్బ వేసినట్టు వంచుతారు. పేరు తీసేస్తే మిగిలేది మెడ ఎక్సర్‌సైజే.

వరంగల్ కోట: మేడం, అంత కట్టడి ఎందుకు? సూఫీ గురువు ఇనాయత్ ఖాన్ మన హైదరాబాద్‌లోనే అబూ హాషిం మదనీకి శిష్యుడై, 1910లో అమెరికా వెళ్లారు. మతం మారమనకుండానే అక్కడివాళ్లకు నేర్పారు.

హన్మకొండ టీచరమ్మ: మారమనలేదు. అయితే అల్లాహ్ నామాలను అరబీలోనే జపానికి ఇచ్చారు. మీ ఉదాహరణ నాకే పనికొచ్చింది.

వరంగల్ కోట: మరి మురాఖబా అనే సూఫీ ధ్యానం? దైవం నన్ను చూస్తున్నాడన్న ఎరుకతో, గుండె మీద ధ్యాస పెట్టి ఊరికే కూర్చోవడమేగా. అందులో మాటేది?

హన్మకొండ టీచరమ్మ: మాట లేకపోయినా చూసేవాడు ఉన్నాడుగా!

కాజీపేట జంక్షన్: అసలు సంగతి చెప్తాను. నాకే అభ్యంతరమూ లేదు. అమ్మకు భయం, కొడుకు మతం మారతాడేమోనని.

వరంగల్ కోట: అన్నారంలో యాకూబ్ షావలికి కందూరు చేసే జనం మనం. ఇంకా ఈ భయమేంటి అన్నా?

కాజీపేట జంక్షన్: కందూరు మొక్కు, తీర్చుకుని ఇంటికొచ్చేస్తాం. ఇది రోజూ పొద్దున ఆమె దీపం పెట్టే గది పక్కనే కూర్చుని చేసేది.

హన్మకొండ టీచరమ్మ: అయితే ప్రత్యేకంగా కూర్చోకండి. నక్ష్‌బందీ శాఖ సూఫీలు జనం మధ్య, పనిలో ఉంటూనే చేస్తారు, పెదవి కూడా కదలదు. ప్లాట్‌ఫాం మీదైనా కుదురుతుంది.

కాజీపేట జంక్షన్: దాచి చేయలేను మేడం. పెద్దాయన్నే ఓ పూట భోజనానికి పిలుస్తా. అడగాల్సింది అమ్మే అడుగుతుంది.