ఫై థీటా కాపాలో పదవి వచ్చింది, లక్ష్యాలు ఎలా రాయాలి?

నమస్కారమండీ. మేం టెక్సాస్‌లో ఉంటాం. పాప బడికి వెళ్లడం మొదలయ్యాక నేనూ కమ్యూనిటీ కాలేజీలో చేరాను. 12 క్రెడిట్లు అయ్యాయి, జీపీఏ 3.5 దాటింది, ఫై థీటా కాపా నుంచి ఆహ్వానం వచ్చింది. మోసం మెయిల్ అనుకుని డిలీట్ చేసేశాను! తీరా చూస్తే 1918 నుంచీ ఉన్న ఆనర్ సొసైటీ (బాగా చదివేవాళ్ల సంఘం) అది, రెండేళ్ల కాలేజీల వాళ్లకోసం.

ఇప్పుడు మా చాప్టర్‌కి, అంటే మా కాలేజీలోని శాఖకి, నన్ను వైస్ ప్రెసిడెంట్‌ని చేశారు. పోటీకి ఎవరూ నిలబడలేదు లెండి. నెలాఖరులోగా ఏడాది లక్ష్యాలు రాసి అడ్వైజర్‌కి ఇవ్వాలి. చాప్టర్లు చేసే ప్రాజెక్టులు ముఖ్యంగా రెండు. ఆనర్స్ ఇన్ యాక్షన్ అంటే ముందు ఒక అంశం మీద పరిశోధన చేసి, అందులో తేలినదాన్ని బట్టి ఏదైనా పని చేసి చూపించాలి. కాలేజ్ ప్రాజెక్ట్ అయితే కాలేజీ పెద్దలతో మాట్లాడి, వాళ్లకు అవసరమైంది చేయాలి. మా ప్రెసిడెంట్ కుర్రాడు రెండూ చేద్దామంటాడు, ఫైవ్ స్టార్ చాప్టర్ (సొసైటీ చాప్టర్లకిచ్చే అన్నిటికన్నా పై స్థాయి) అవ్వాలట. మొన్న మీటింగ్‌కి ఆరు పిజ్జాలు తెప్పిస్తే తినడానికి ఉన్నది నలుగురం. మిగిలినవి నేనే ఇంటికి మోసుకొచ్చాను. తప్పు పట్టలేం, అందరికీ ఉద్యోగాలు, పిల్లలు.

నా మటుకు నాకు క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీని (విద్యార్థులకు ఉచితంగా సరుకులిచ్చే చోటు) సాయంత్రం క్లాసుల వాళ్లకు కూడా తెరిపిస్తే చాలు. ఆ ఒక్కటీ రాస్తే మరీ చిన్నగా కనిపిస్తుందా? యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ స్కాలర్‌షిప్ వ్యాసంలో ఇలాంటి పని గురించి రాసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీటింగులకు మనుషుల్ని ఎలా రప్పించారో కూడా చెప్పండి, ప్లీజ్.