అందరూ పరుగెడుతుంటే ఒక్కడు నడుస్తున్నాడు: ఇది ఏ ఏడాది లె మాన్?

పాతచక్రం:
నిన్న రాత్రి పాత స్పోర్ట్స్ కార్ రేసుల వీడియోలు వెతుకుతుంటే నాలుగు నిమిషాల క్లిప్ ఒకటి దొరికింది. రంగులు బాగా వెలిసిపోయాయి. కింద ‘లె మాన్ 1970’ అని పెట్టారు. అంటే ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల కార్ల రేసు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. జెండా ఊపగానే డ్రైవర్లు రోడ్డు దాటి పరుగెత్తి కార్లలోకి దూకుతున్నారు. 1970లో మాత్రం డ్రైవర్లు ముందే కార్లలో కూర్చుని, బెల్టులు కట్టుకున్నాకే రేసు మొదలైందని చదివాను.

ఇంకొకటి. అంతమంది పరుగెడుతుంటే ఒకతను మాత్రం నిదానంగా నడిచి వెళ్తున్నాడు. లేత నీలం, నారింజ రంగుల కారు, నంబర్ 6. పక్క కార్లన్నీ కదిలిపోతున్నా తొందరపడడు. ఆ పది సెకన్లే ఇరవైసార్లు చూశాను. ఎవరండీ అతను?

నాలుగోగేరు:
అది 1969, అనుమానమే అక్కర్లేదు. అతను జాకీ ఇక్స్, అప్పటికి వయసు 24. పరుగెత్తి కారెక్కినవాళ్ళు ముందుకు దూసుకుపోవాలన్న ఆత్రంలో బెల్టు సరిగ్గా పెట్టుకోకుండానే బయల్దేరేవారు. దానికి నిరసనగానే ఆయన నడిచాడు. కూర్చుని, బెల్టు కట్టుకుని, అందరికంటే వెనక బయల్దేరాడు.

ఆ మొదటి ల్యాప్‌లోనే పోర్షే 917 నడుపుతున్న జాన్ వుల్ఫ్ ప్రమాదంలో చనిపోయాడు. క్లిప్ మొదట్లో పరుగెడుతున్నవాళ్ళలో ఆయన కూడా ఉంటాడు. అది తెలిశాక ఆ పరుగు నేను మామూలుగా చూడలేకపోయాను.

ఇక్స్, జాకీ ఆలివర్‌ల ఫోర్డ్ జీటీ40 ఆ రేసు గెలిచింది. 24 గంటలు, దాదాపు 5,000 కిలోమీటర్లు నడిచాక రెండో స్థానంలో ఉన్న హాన్స్ హెర్మన్ పోర్షే 908కీ దీనికీ మధ్య తేడా సుమారు 120 మీటర్లు! ఆఖరి గంటల్లో ఇద్దరూ ఒకరినొకరు దాటుకుంటూనే ఉన్నారు. ఆ భాగం దొరికితే మాత్రం తప్పకుండా చూడండి. తర్వాతి ఏడాది నుంచి ఆ పరుగు ఆపేశారు. మీరు చదివింది నిజమే.

రీలుపెట్టె:
ఏడాది తేల్చడానికి ఇంకో దారి కూడా ఉంది. లె మాన్ మామూలుగా సాయంత్రం 4 గంటలకు మొదలయ్యేది. 1969లో ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల వల్ల మధ్యాహ్నం 2కే మొదలుపెట్టారు. ఎక్కడైనా గడియారం కనిపిస్తుందేమో చూడండి.

శబ్దాన్ని మాత్రం నమ్మకండి. అప్పటి న్యూస్ రీళ్ళలో చాలావాటిని శబ్దం లేకుండా తీసి, ఇంజిన్ చప్పుడు తర్వాత అతికించేవారు. కారు మలుపులో నెమ్మదించినా చప్పుడు మారకపోతే అది అతుకే. బొమ్మ కుడిఎడమలు తారుమారైందేమో కూడా చూసుకోవాలి. లె మాన్‌లో కార్లు వెళ్ళే దిక్కుకు పిట్స్ (కార్లను ఆపి ఇంధనం నింపి, బాగుచేసే చోటు) కుడివైపు ఉంటాయి. పాత వీడియోలు కావాలంటే, పాత న్యూస్ రీళ్ళు దాచిన సంస్థ బ్రిటిష్ పాథే 2014లో సుమారు 85,000 ఫిల్ములు యూట్యూబ్‌లో పెట్టింది. అక్కడ రేసులు చాలా ఉన్నాయి.

పాతచక్రం:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఒక్కో ఫ్రేమ్ ఆపి ఆపి చూశాను. పిట్స్ కుడివైపే ఉన్నాయి. చప్పుడు మాత్రం అతుకే, కార్లు మలుపులో నెమ్మదించినా ఇంజిన్ గర్జన మారడం లేదు.

ఒక నిమిషం పన్నెండో సెకను దగ్గర, జనం తలల వెనక గడియారం ఒక్క క్షణం కనిపిస్తుంది. ముల్లు రెండు దాటింది. వీడియో పెట్టినవారికి ఏడాది మార్చమని, వుల్ఫ్ పేరు కూడా రాయమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను.