అప్‌డేట్: జేన్ డోర్మర్ గురించి అడిగా కదా, దొరికింది

ఇంగ్లాండ్ రాణి మొదటి మేరీ చనిపోయాక ఆవిడ దగ్గరుండే క్యాథలిక్ జేన్‌ని కూడా చంపేశారా అని మొన్న అడిగాను గుర్తుందా, తప్పు నాదే, 1554లో తల నరికింది లేడీ జేన్ గ్రేకి (మేరీకి ముందు కొద్ది రోజులు రాణిగా ఉన్నావిడ), ఆవిడ ప్రొటెస్టెంట్, నేను ఇద్దరు జేన్‌లనీ కలిపేశా 😅

జేన్ డోర్మర్ వేరే. 1538లో పుట్టింది, చిన్నప్పుడు మేరీ తమ్ముడు ఎడ్వర్డ్‌తో ఆడుకునేదట, తర్వాత మేరీకి బాగా దగ్గరైంది. మేరీ భర్త, స్పెయిన్ రాజు ఫిలిప్ తరఫున వచ్చిన ఫెరియా కౌంట్‌ని (అక్కడి ఓ ప్రభువు) ఇష్టపడింది కానీ రాణికేమో ఈమెని వదలబుద్ధి కాలేదు, ఫిలిప్ తిరిగొచ్చాక పెళ్లి చేద్దాం అని ఆపుతూ వచ్చింది, ఫిలిప్ రానేలేదు, 1558 నవంబర్ 17న రాణి పోయింది! చివరి రోజుల్లో, తన తర్వాత రాణి కాబోయే చెల్లెలు ఎలిజబెత్‌కి నగలు అందించే పని కూడా ఈమెకే అప్పగించింది. ఎంత నమ్మకమో చూడండి.

డిసెంబర్‌లో ఆ కౌంట్‌తోనే పెళ్లి, 1559లో దేశం వదిలేసింది, ఇక అంతే. 1571లో భర్త పోయినా స్పెయిన్‌లోనే ఉండి, ఇంగ్లాండ్ నుంచి పారిపోయొచ్చిన క్యాథలిక్‌లకి సాయం చేస్తూ 1612లో మాడ్రిడ్‌లో చనిపోయింది.

పోయినసారి ఓపిగ్గా రిప్లై ఇచ్చినవాళ్లకి థాంక్సండీ.