యూకేలో మొదటి ఇల్లు: లెండర్ ప్యానెల్‌లో ఉన్న సొలిసిటర్‌ని ఎలా చూసుకోవాలి?

స్విండన్_కొత్తిల్లు:
అందరికీ నమస్తే అండి. మేం స్విండన్‌లో అద్దెకుంటున్నాం, ఇన్నాళ్లకి ఒక సెమీ డిటాచ్డ్ ఇల్లు నచ్చి 3,40,000 పౌండ్లకి ఆఫర్ పెడితే ఓనర్ ఒప్పుకున్నాడు, ఫ్రీహోల్డే (ఇల్లూ స్థలం రెండూ మనవే అవుతాయి). ఇప్పుడు సొలిసిటర్, అంటే కొనుగోలు కాగితాలన్నీ చూసే లాయర్ దగ్గర ఆగిపోయాం. ఎస్టేట్ ఏజెంట్ రోజూ ఫోన్ చేసి మా సొలిసిటర్‌నే పెట్టుకోండి తొందరగా అయిపోతుంది అంటున్నాడు, లోన్ చూసిపెట్టే బ్రోకరేమో ఎవర్ని పెట్టుకున్నా సరే లెండర్ (లోనిచ్చే బ్యాంకు) ప్యానెల్‌లో ఉన్నారో లేదో చూసుకోండి అన్నాడు, ఇంకోపక్క మా ఫ్రెండ్ తనకి తెలిసిన లాయర్ ఉన్నాడు, ఒక్కడే ఆఫీసు నడుపుకుంటాడు, తెలుగులో మాట్లాడుకోవచ్చు, ఫీజు కూడా తక్కువ అంటున్నాడు. అసలు ఈ ప్యానెల్ అంటే ఏంటి, అందులో లేకపోతే ఏమవుతుంది? డిపాజిట్‌లో కొంత ఇండియా నుంచి మా నాన్నగారు పంపిస్తున్నారు, దానికేమైనా ఇబ్బంది ఉంటుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

పాత_కాపు_లెస్టర్:
కంగ్రాట్స్ తమ్ముడూ. ఇంగ్లండ్, వేల్స్‌లో మామూలుగా ఒకే సొలిసిటర్ నీకూ పనిచేస్తాడు, నీకు లోనిచ్చే బ్యాంకుకీ పనిచేస్తాడు. టైటిల్ బాగానే ఉంది డబ్బు వదలొచ్చు అని బ్యాంకుకి సర్టిఫికెట్ ఆఫ్ టైటిల్ పంపేది ఆయనే, లక్షల పౌండ్లు వచ్చిపడేది ఆయన క్లయింట్ అకౌంట్‌లోనే, రేపు ల్యాండ్ రిజిస్ట్రీలో నీ పేరూ బ్యాంకు మార్ట్‌గేజూ ఎక్కించేది కూడా ఆయనే. అందుకే ప్రతి లెండరూ తను నమ్మే ఫర్మ్‌ల లిస్టు పెట్టుకుంటుంది, అదే ప్యానెల్.

లిస్టులో లేని ఫర్మ్‌ని పెట్టుకుంటే కొందరు లెండర్లు అసలు ఒప్పుకోరు, కొందరు తమ తరఫున వేరే సొలిసిటర్‌ని పెడతారు, ఆ ఫీజు కూడా నీ నెత్తినే పడుతుంది, పైగా ప్రతి కాగితం ఇద్దరి చేతుల్లో తిరగాలి కాబట్టి ఆలస్యం. మీ ఫ్రెండ్ చెప్పిన లాయర్ మంచాయనే అయ్యుండొచ్చు, కానీ ఒక్కరే నడిపే ఫర్మ్‌లని తీసుకోని లెండర్లు ఉన్నారు, కాబట్టి తెలుగు మాట్లాడతారని ముందే డబ్బు కట్టేయకు.

ఇంకోటి, "మీరు లెండర్ల ప్యానెల్‌లో ఉన్నారా" అని ఊరికే అడిగితే అందరూ ఉన్నామనే అంటారు. నీ లెండర్ పేరు చెప్పి అడుగు, ఈమెయిల్‌లో జవాబు తీసుకో. ఒక బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న ఫర్మ్ ఇంకో బిల్డింగ్ సొసైటీ (బ్యాంకులాగే ఇళ్లకి లోనిచ్చే సంస్థ) ప్యానెల్‌లో ఉండకపోవచ్చు. బ్రోకర్‌ని కూడా ఆయన సిస్టమ్‌లో చూడమను, ఆయనకి నిమిషాల పని. మధ్యలో రేటు బాగుందని లెండర్‌ని మారిస్తే మాత్రం ఈ చెకింగంతా మళ్లీ చేసుకోవాల్సిందే.

ఫైల్స్_మధ్య:
నేను ఒక కన్వేయన్సింగ్ (ఇంటి కొనుగోలు, అమ్మకం లీగల్ పని చేసే) ఆఫీసులో అసిస్టెంట్‌గా చేస్తున్నానండి. పైన అన్నగారు చెప్పినదంతా కరెక్టే, ఒక్కటి కలుపుతా. ప్యానెల్‌లో ఉండటం అంటే బ్యాంకుకి ఓకే అని మాత్రమే, మీకు ఫోన్ ఎత్తుతారనీ మీ ఫైల్ త్వరగా కదులుతుందనీ కాదు. సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీ ఈ పనికి ఇచ్చే సీక్యూఎస్ (కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్) గుర్తింపు ఉందా చూడండి, ప్యానెల్‌లోకి తీసుకోవాలంటే అది ఉండాల్సిందే అనే లెండర్లు చాలామంది ఉన్నారు. సొలిసిటరే కావాలని లేదు, సీఎల్‌సీ (కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్) రెగ్యులేట్ చేసే, ఇళ్ల లీగల్ పనికి లైసెన్స్ ఉన్న కన్వేయన్సర్ అయినా పర్లేదు, లెండర్ ఒప్పుకుంటే చాలు.

నా మాట వింటే కొటేషన్ తీసుకునే ముందు ఫోన్ చేసి నా ఫైల్ ఎవరి చేతిలో ఉంటుంది, వాళ్లు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు అని అడగండి. ఆ ప్రశ్నకి తడబడే ఆఫీసు అయితే వదిలేయండి. పెద్ద పెద్ద ఫర్మ్‌లలో ఒక్కొక్కరి మీద ఎన్ని ఫైళ్లుంటాయో నేను చూస్తూనే ఉన్నా, పాపం కస్టమర్లు రోజుల తరబడి ఒక్క రిప్లై కోసం ఎదురుచూస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది.

కొటేషన్‌లో పైన లీగల్ ఫీజు అని చిన్న నంబర్ కనిపిస్తుంది, ఆగకుండా కిందికి చదవండి. బ్యాంకు తరఫున పనిచేసినందుకు ఒక ఫీజు, డిపాజిట్ గిఫ్ట్‌గా వస్తే దానికొకటి, ఐడీ చెకింగ్‌కి, స్టాంప్ డ్యూటీ రిటర్న్ నింపడానికి, డబ్బు పంపే ట్రాన్స్‌ఫర్‌కి, ఇలా ఒక్కో లైనూ కలుపుకుంటూ పోతే తక్కువ కొటేషనే చివరికి ఎక్కువవుతుంది, వీటి మీద వ్యాట్ వేరే. సెర్చ్‌లు (ఇంటి గురించి కౌన్సిల్ లాంటివాళ్ల దగ్గర చేసే విచారణలు), ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు ఎవరి దగ్గరైనా ఉండేవే.

ఏజెంట్ చెప్పిన ఫర్మ్‌ని తీసుకోవాలని రూలేం లేదండి, పంపినందుకు వాళ్లకి రెఫరల్ ఫీజు వస్తుంది చాలాసార్లు, అది మీకు చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే, అడగండి. అలాగని ఏజెంట్ చెప్పినవాళ్లందరూ చెడ్డవాళ్లనీ కాదు, మిగతావాళ్లని అడిగినవే వాళ్లనీ అడిగి చూడండి.

మిల్టన్‌కీన్స్_పద్మ:
ఇండియా డబ్బు గురించి నేను చెప్తా. ముందు మీ లెండర్ విదేశం నుంచి గిఫ్ట్ ఒప్పుకుంటుందో లేదో బ్రోకర్‌ని అడగండి, అందరూ ఒప్పుకోరు. తర్వాత సొలిసిటర్‌ని కూడా ఇండియా నుంచి గిఫ్ట్ డబ్బుతో ఇంతకుముందు పని చేశారా అని అడగండి, అలవాటు లేనివాళ్లయితే ప్రతి కాగితానికీ అనుమానమే. నాన్నగారి ఐడీ, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇది అప్పు కాదు ఇంట్లో వాటా అడగను అని సంతకం చేసిన లెటర్ అడుగుతారు, ఆయనకి ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూపించాలి. పొలం అమ్మిన డబ్బయితే దస్తావేజు తెలుగులో ఉంటుంది కదా, సర్టిఫైడ్ ఇంగ్లీష్ అనువాదం ఇప్పుడే చేయించి పెట్టుకోండి.

నాన్నగారు పంపేది ఎల్‌ఆర్‌ఎస్ (ఇండియా నుంచి విదేశాలకి డబ్బు పంపే ఆర్బీఐ స్కీమ్) కింద, మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. కానీ ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది ఆయన ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు కాబట్టి దాన్నీ లెక్కేసుకోండి. అవునూ, మీ ఇద్దరిలో ఎవరి పేరు మీదైనా ఇండియాలో ఫ్లాట్ ఉందా?

స్విండన్_కొత్తిల్లు:
చాలా థ్యాంక్సండి అందరికీ. పద్మ గారూ, మా ఆవిడ పేరు మీద హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉంది, మా మావగారు పెళ్లప్పుడు ఇచ్చారు, ఇప్పుడు అద్దెకిచ్చాం. ఇక్కడ మాకిదే మొదటి ఇల్లు కదా, దానికీ దీనికీ సంబంధం ఏంటి?

మిల్టన్‌కీన్స్_పద్మ:
చాలా సంబంధం ఉందండి, అందుకే అడిగా. స్టాంప్ డ్యూటీకి ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా లెక్కే. ఫస్ట్ టైమ్ బయ్యర్ రిలీఫ్ రావాలంటే కొనేవాళ్లందరికీ ఇంతకుముందు ఎక్కడా ఇల్లు ఉండి ఉండకూడదు, గిఫ్ట్‌గా వచ్చినదైనా సరే. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం మీ 3,40,000కి ఆ రిలీఫ్‌తో అయితే 2,000 పౌండ్లు. రిలీఫ్ లేకపోతే 7,000. ఇంకో ఇల్లు ఉండి దాని విలువ 40,000 పౌండ్లో అంతకంటే ఎక్కువో అయితే మొత్తం ధర మీద 5 శాతం అదనం, అంటే ఇంకో 17,000 కలిసి 24,000 అవుతుంది. మీ ఒక్కరి పేరు మీదే కొందాం అనుకున్నా, కలిసి ఉంటున్న భార్యాభర్తల్ని దీనికి ఒకటిగానే చూస్తారు. ఫ్లాట్ విలువ ఇప్పుడు పౌండ్లలో ఎంతో కట్టించుకుని, ఆ కాగితంతో సహా సొలిసిటర్‌కి మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి.

ఫైల్స్_మధ్య:
పద్మ గారు చెప్పింది బంగారం. "మేం స్టాంప్ డ్యూటీ సలహా ఇవ్వం, ఫారం మాత్రమే నింపుతాం" అని ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో (పని ఒప్పుకునేటప్పుడు ఇచ్చే షరతుల లెటర్) రాసే ఫర్మ్‌లు ఉన్నాయండి, సంతకం పెట్టేముందు ఆ లైను ఉందేమో చూడండి, ఉంటే విడిగా ట్యాక్స్ తెలిసినవాళ్లని అడగాలి. కంప్లీషన్ (డబ్బు కట్టేసి ఇల్లు చేతికొచ్చే రోజు) అయిన 14 రోజుల్లో రిటర్న్, డబ్బు రెండూ వెళ్లిపోవాలి కాబట్టి అప్పుడు ఆలోచిద్దాంలే అంటే టైం చాలదు.

డిపాజిట్ పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త. బ్యాంక్ అకౌంట్ మారింది, ఈ కొత్త నంబర్‌కి పంపండి అని సొలిసిటర్ పేరుతో ఈమెయిల్ వస్తే నమ్మొద్దు, దొంగలు మధ్యలో మెయిల్స్ చదివి సరిగ్గా ఆ టైంకే పంపుతారు. మొదటి లెటర్‌లో ఉన్న ఆఫీసు నంబర్‌కి మీరే ఫోన్ చేసి అకౌంట్ నంబర్ చదివించుకోండి, ముందు చిన్న మొత్తం పంపి అందిందని వాళ్లు చెప్పాకే మిగతాది పంపండి.

స్విండన్_కొత్తిల్లు:
అయ్యబాబోయ్, 24,000 అన్నమాట అసలు మా లెక్కలోనే లేదండి. రేపే హైదరాబాద్‌లో వాల్యుయర్‌తో మాట్లాడమని మావగారికి చెప్తా. బ్రోకర్ ప్యానెల్‌లో ఉన్న మూడు ఫర్మ్‌ల పేర్లు పంపాడు, ముగ్గురికీ ఇండియా గిఫ్ట్, ఫ్లాట్ సంగతి రెండూ రాసి మెయిల్ పెడుతున్నా, ఎవరు ఏమన్నారో ఇక్కడే చెప్తా.