అమ్మతో సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్: ఎనిమిది రోజుల్లో కుదురుతుందా?

పెరంబూరువాసి (చెన్నై):

అమ్మకు 67. షుగర్, బీపీ ఉన్నాయి, రెండూ మాత్రలతో అదుపులోనే ఉన్నాయి. ఇబ్బందల్లా మోకాళ్లే. చదునుగా ఉంటే మెల్లగా నడుస్తుంది, అరగంట దాటితే కూర్చోవాలి. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టం. గుడ్డు కూడా ముట్టదు. జనవరి ఆఖర్లో గానీ ఫిబ్రవరిలో గానీ చెన్నై నుంచి బయలుదేరి మూడు ఊళ్లూ చూపిద్దామని ఆలోచన. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి బస్సు చవక అంటున్నారు, వెళ్లొచ్చా? బటు కేవ్స్ మురుగన్ గుడి చూడాలని ఆవిడకి చాలా కోరిక. రాత్రి నిద్రకి డాక్టరు రాసిన క్లోనాజెపామ్ అరమాత్ర వేసుకుంటుంది, దానితో ఏమైనా తంటా వస్తుందా? విమానంలో భోజనానికి ‘హిందూ మీల్’ ఎంచుకున్నాను. టూర్ ప్యాకేజీ వద్దు, మేమిద్దరమే వెళ్తాం.

గిండీ జంక్షన్:

ముందు బ్యాంకాక్ కొట్టేయండి. ఎనిమిది రోజుల్లో మూడు ఊళ్లంటే మూడు ఇమిగ్రేషన్లు, మూడు హోటళ్లు, నాలుగు విమానాలు. ఊరు మారే ప్రతి రోజూ సగం పైగా విమానాశ్రయంలోనే పోతుంది, పైగా ఆ రోజే నడక ఎక్కువ. సింగపూర్‌కి నాలుగు రాత్రులు, కౌలాలంపూర్‌కి మూడు ఇవ్వండి. టిక్కెట్టు రానూపోనూ ఒకే ఊరికి కాకుండా, చెన్నై నుంచి సింగపూర్‌కి ఒకటి, కౌలాలంపూర్ నుంచి చెన్నైకి ఒకటి తీసుకోండి. రెండింటికీ ఇక్కణ్నుంచి నేరుగా విమానాలున్నాయి, సుమారు నాలుగు గంటల ప్రయాణం.

తేదీలు ఖాయం చేసే ముందు క్యాలెండర్ చూడండి. చైనా కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్యలోనే పడుతుంది. ఆ రెండు మూడు రోజులు చైనావాళ్ల కొట్లు, తిండి స్టాళ్లు చాలా మటుకు మూసేస్తారు. సరిహద్దు దగ్గర వాహనాలు గంటల తరబడి ఆగిపోతాయి. మురుగన్ పండుగ తైపూసం కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. అప్పుడు బటు కేవ్స్‌లో లక్షల జనం ఉంటారు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని అటు తీసుకెళ్లే మాటే లేదు.

బస్సు వద్దు. అయిదారు గంటలని చెబుతారు గానీ అది దారి ఖాళీగా ఉంటే. సింగపూర్ వైపు ఒకసారి దిగి ఇమిగ్రేషన్, వంతెన దాటాక మలేషియా వైపు మళ్లీ దిగాలి, ఈసారి సామానంతా మోసుకుని. మధ్యలో ఎస్కలేటర్లు, క్యూలు. ఆలస్యమైతే బస్సు ఆగకపోవచ్చు, అదే కంపెనీ తర్వాతి బస్సు కోసం నిలబడాలి. విమానంలో అయితే గంట ప్రయాణం. తేడా డబ్బు మోకాళ్లకి పెట్టిన ఖర్చు అనుకోండి.

సింగపూర్‌లో బస లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో చూసుకోండి. తిండి కోసమే అనుకునేరు, అసలు సంగతి రైలు మార్గాలది. ఆ స్టేషన్లో రెండు లైన్లు కలుస్తాయి. డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే రైలు మారకుండా బేఫ్రంట్, అంటే గార్డెన్స్ బై ద బే, మెరీనా బే. నార్త్ ఈస్ట్ లైన్ ఎక్కితే మారకుండా చైనాటౌన్, హార్బర్‌ఫ్రంట్. సెంతోసా ద్వీపానికి వెళ్లే చిన్న రైలు హార్బర్‌ఫ్రంట్ పక్కన వివోసిటీ మాల్ మూడో లెవల్లో ఉంటుంది. రైలు మారడమే అక్కడ పెద్ద నడక, ముఖ్యంగా దోబీ ఘాట్ లాంటి స్టేషన్లలో. ప్రతి స్టేషన్లోనూ లిఫ్టు ఉంది, కానీ అన్ని ద్వారాల దగ్గరా ఉండదు. మ్యాప్‌లో లిఫ్టు గుర్తున్న ద్వారం చూసి దాని పక్కన హోటల్ పట్టండి. ఎస్కలేటర్లు మన చెన్నై మెట్రోవి చూసిన కళ్లకి వేగంగా కనిపిస్తాయి, అమ్మగారిని లిఫ్టులోనే తీసుకెళ్లండి. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియా వీధుల్లో కాలు పెట్టే చోటుండదు, ఆ పూట ఇంకెక్కడికైనా వెళ్లండి.

మెట్రోలో కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు ఆనించి ఎక్కొచ్చు. ఒక కార్డు మీద ఒక మనిషే, ఇద్దరికి రెండు కావాలి. మన కార్డులకి అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ యాప్‌లో తెరిచి ఉండాలి, అది ఇక్కడే చేసుకుని వెళ్లండి. విదేశీ కార్డు వాడిన రోజుకి 0.60 సింగపూర్ డాలర్ అదనంగా పడుతుంది. కొట్లలో కార్డు గీకినప్పుడు ‘రూపాయల్లో కట్టాలా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే అనండి. రూపాయలు అన్నారంటే వాళ్ల మారకం రేటు మీ నెత్తిన పడుతుంది.

రోజును రెండు ముక్కలు చేయండి. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా ఒక చోటు. గదికొచ్చి భోజనం, కునుకు. మళ్లీ అయిదు తర్వాత ఇంకో చోటు. మధ్యాహ్నం ఎండకి తోడు వాన పడే గంటలు కూడా అవే. గార్డెన్స్ బై ద బేలో గాజు గోపురాలు రెండూ సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెట్టండి. వాటిలో ఒకటైన క్లౌడ్ ఫారెస్ట్‌లో లిఫ్టులో పైకెళ్లి వాలుదారిలో దిగుతూ రావాలి. లోపల చల్లగా, తుంపరగా ఉంటుంది, నేల తడిగా ఉంటుంది, రబ్బరు అడుగున్న చెప్పులు, ఒక శాలువా ఉండాలి. బయటికొచ్చి సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో ఉన్న ఎత్తైన కట్టడాల) కింద కూర్చుంటే 7.45కి, 8.45కి దీపాలూ పాటలూ ఉంటాయి. టిక్కెట్టు లేదు. మొదటిది చూసి వెంటనే లేస్తే రైల్లో సీటు దొరకదు, ఓ పావుగంట ఆగి బయలుదేరండి. బొటానిక్ గార్డెన్స్ కూడా అదే డౌన్‌టౌన్ లైన్ మీదే ఉంది, కానీ ఆ స్టేషన్ ద్వారం నుంచి ఆర్కిడ్ తోట కిలోమీటరు పైనే. ఆర్కిడ్ల కోసమైతే టాక్సీలో నాసిమ్ గేటుకి వెళ్లండి.

రాత్రి విమానం పట్టుకుంటే తెల్లవారుజామున దిగుతారు. టాక్సీకి అర్ధరాత్రి నుంచి ఆరు దాకా మీటరు మీద 50 శాతం అదనం, కాబట్టి ఛాంగీ విమానాశ్రయంలోనే కాఫీ తాగి ఆరు దాటాక ఎక్కండి. హోటల్ గది మధ్యాహ్నం రెండు మూడింటికి గానీ ఇవ్వరు. ఆ పూట అమ్మగారిని లాబీ సోఫాలో కూర్చోబెట్టే బదులు ముందు రాత్రికి కూడా గది తీసుకోవడం, లేదా పగటి విమానం చూసుకోవడం మేలు.

మందుల చీటీ:

క్లోనాజెపామ్ సంగతి చిన్నది కాదు. సింగపూర్‌లో అది నియంత్రిత మందు. అల్ప్రజోలామ్, డయాజెపామ్, కోడీన్ కలిసినవీ అంతే. అరమాత్రే కదా అని చీటీ జేబులో పెట్టుకుని వెళ్లడం కుదరదు. అక్కడి హెల్త్ సైన్సెస్ అథారిటీ వెబ్‌సైట్లో ముందే అనుమతి తీసుకోవాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే డాక్టరు ఉత్తరం రాయించండి. మందు జెనెరిక్ పేరు, మోతాదు, రోజుకి ఎన్ని, ఎన్ని రోజులకి, ఎందుకు అన్నవన్నీ అందులో ఉండాలి. కనీసం మూడు వారాల ముందే పంపండి. వచ్చిన ఉత్తరం ముద్రించి మందుతో పాటే ఉంచండి. ఆ మాత్ర లేకుండా ఆ వారం గడిపించొచ్చా అని డాక్టరునే అడగండి, మీరు మాత్రం చటుక్కున మాన్పించకండి. మామూలు బీపీ, షుగర్ మాత్రలకి ఈ గొడవ లేదు, సొంత వాడకానికి మూడు నెలలకి సరిపడా వరకు తీసుకెళ్లొచ్చు. వాటినైనా విడి మాత్రలుగా డబ్బాల్లో పోయకుండా స్ట్రిప్పుల్లోనే ఉంచండి. అన్నీ చేతి సంచిలోనే ఉండాలి.

సింగపూర్, మలేషియా మనకన్నా రెండున్నర గంటలు ముందు. మాత్రలు ఏ గడియారం ప్రకారం వేయాలో బయలుదేరక ముందే రాసుకోండి. విమానంలో భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు, చేతిలో నాలుగు బిస్కెట్లు ఉండాలి.

ఇన్సూరెన్స్ ఫారంలో షుగర్, బీపీ రాయకుండా వదిలేస్తే ప్రీమియం తగ్గుతుంది, క్లెయిము కూడా అంతే తేలిగ్గా పోతుంది. ఉన్న జబ్బులకి ఎంతవరకు ఇస్తారో పాలసీ కాగితంలో ఆ ఒక్క పేజీ చదివి కొనండి.

కాగితాల విషయం. సింగపూర్‌కి వీసా కావాలి, అది అధీకృత ఏజెంట్ల ద్వారానే. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు, తెల్ల వెనకతెర. అది కాక దిగే రోజుకి ముందు మూడు రోజుల లోపు ఎస్‌జీ అరైవల్ కార్డు (ఆన్‌లైన్ ప్రవేశ ఫారం) నింపాలి. మలేషియాకి 2026 ఆఖరు దాకా మనకి వీసా అక్కర్లేదు, కానీ వాళ్ల డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం మూడు రోజుల లోపు నింపాల్సిందే. ఈ రెండు కార్డులూ ఉచితం. వెతికితే ముందు కనిపించేవి డబ్బు అడిగే నకిలీ సైట్లు, ప్రభుత్వ చిరునామా చూసుకుని తెరవండి. సింగపూర్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, ప్రవేశ అనుమతి ఈమెయిలుకి వస్తుంది. అమ్మగారి ఫారంలో కూడా మీరు చూసే ఈమెయిలే ఇవ్వండి.

మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. అలా ఉంటే టిక్కెట్టు మీద పేరు ఎలా రాయాలో విమాన సంస్థని అడిగి రాయించండి. ఊహించి ఇంటిపేరు చేర్చకండి, కౌంటర్లో ఆపుతారు.

పెరంబూరువాసి:

బ్యాంకాక్ తీసేశాను. మందు అనుమతికి రేపే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. వీల్‌చైర్ అడగాలా? నడవగలిగే మనిషికి అడిగితే బాగుంటుందా అని అమ్మ మొహమాట పడుతోంది.

టిఫిన్ క్యారియర్:

అడగండి, మొహమాటం అక్కర్లేదు. ప్రయాణానికి 48 గంటల ముందే విమాన సంస్థకి చెప్పాలి. అందులో రకాలుంటాయి: దూరం నడవలేరు గానీ మెట్లెక్కగలరు అంటే డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు కూడా కుదరవంటే డబ్ల్యూసీహెచ్ఎస్. అమ్మగారికి రెండోది పెట్టించండి. విమానం దూరంగా ఆగి బస్సులో తీసుకెళ్లే పరిస్థితి వస్తే, మొదటి రకం రాసినవాళ్లని నిచ్చెన ఎక్కమంటారు. కౌలాలంపూర్ టెర్మినల్ 2లో గేటు నుంచి ఇమిగ్రేషన్ దాకా నడక చాలా ఎక్కువ, చవక విమానాలు ఎక్కువగా అక్కడే దిగుతాయి. ఇమిగ్రేషన్ యంత్రానికి వేలిముద్రలు అందకపోతే కంగారు పడకండి, పనిచేసి అరిగిన చేతులకి అది మామూలే, మనుషులున్న కౌంటరుకి పంపిస్తారు.

ఇక ‘హిందూ మీల్’ వెంటనే మార్చండి! హెచ్ఎన్ఎమ్ఎల్ అంటే మాంసం ఉన్న భోజనం, గొడ్డు మాంసం ఉండదు అంతే. మీకు కావల్సింది ఏవీఎమ్ఎల్, ఆసియా శాకాహారం. ఉల్లీ వెల్లుల్లీ కూడా వద్దంటే జైన భోజనం, వీజేఎమ్ఎల్. బయలుదేరడానికి 24 గంటల ముందే మార్చాలి.

ఊళ్లో తిండికి సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ ఉంది, 1947 నుంచీ శాకాహారమే. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ తిండి స్టాళ్లలోనూ దొరుకుతుంది. గార్డెన్స్ బై ద బే లాంటి చోట్ల మాత్రం జాగ్రత్త. ‘వెజిటబుల్’ అని రాసిన నూడుల్స్‌లో ఎండురొయ్యల ముద్ద, బెలచాన్, ఉంటుంది. సంబల్ చట్నీలోనూ అదే. బౌద్ధుల శాకాహార స్టాళ్లలో అవి ఉండవు, కానీ సోయాతో చేపముక్కలా, బాతు చర్మంలా అచ్చు దింపుతారు. తెలియక పళ్లెంలో చూస్తే అమ్మగారు లేచి వచ్చేస్తారు, ముందే చెప్పండి.

కందిపొడి, కరివేపాకు పొడి, అటుకులు సూట్‌కేసులో పెట్టుకోండి. ఆవకాయ చేతి సంచిలో ఒప్పుకోరు, చెక్‌ఇన్ సామానులో రెండు కవర్లు చుట్టి పెట్టండి. ఎండుకొబ్బరి చెక్‌ఇన్‌లో కూడా వద్దు, నూనె ఉన్నదని నిషేధం. గసగసాలు సింగపూర్‌కి అసలు తీసుకెళ్లకండి. ఇంట్లో చేసిన మసాలా పొడుల్లో వేసి ఉంటే అవీ వదిలేయండి. జర్దా కిళ్లీ అలవాటుంటే అదీ అంతే. ప్లగ్గు రెండు దేశాల్లోనూ పలక మూడు పిన్నులది, ఒక అడాప్టర్ చాలు. మన 230 వోల్టుల కెటిల్ అలాగే పనిచేస్తుంది.

మధ్యాహ్నం ఎండ:

బ్యాంకాక్ తీసేయడం నాకు నచ్చలేదు గానీ, ఈ ప్రయాణంలో అదే సబబు. గ్రాండ్ ప్యాలెస్‌లో నీడ తక్కువ, ప్రతి మందిరం ముందూ చెప్పులు విప్పి తొడగాలి. వాట్ అరుణ్ మెట్లు నిలువుగా ఉంటాయి. ఇంకోసారి ఆ ఒక్క ఊరికే వెళ్లినప్పుడు సనాం చాయ్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ని చూపించండి, అక్కడ నడక తక్కువ. ‘ఈరోజు ప్యాలెస్ మూసేశారు, రండి ఇంకో గుడి చూపిస్తా’ అనే టుక్‌టుక్ వాళ్ల మాట వినకండి. శాకాహారానికి ‘జే’ అని అడగాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉంటుంది. ఆ గుర్తు లేని చోట చేప రసం పడుతుంది.

గిండీ జంక్షన్:

బటు కేవ్స్ గురించి చెప్పలేదు. గుహలోకి 272 మెట్లు, నిలువుగా ఉంటాయి, మీ అమ్మగారికి కష్టమైన దిగడం మళ్లీ అన్నే మెట్లు. పైకి వద్దు. 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం కిందే ఉంది, గుళ్లు కిందా ఉన్నాయి, దర్శనం అక్కడే చేయించండి. రైలు స్టేషన్ వైపు హనుమంతుడి విగ్రహం పక్కన రామాయణ గుహ ఉంది, కొద్దిపాటి టిక్కెట్టు. కౌలాలంపూర్ పెద్ద రైలు స్టేషన్ కేఎల్ సెంట్రల్ నుంచి కమ్యూటర్ రైలు గుడి పక్కనే దింపుతుంది. రైళ్ల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి, తప్పితే గ్రాబ్ యాప్‌లో కారు. పొద్దున ఎనిమిదికల్లా చేరాలి. చేతిలో పళ్ల సంచి కనబడితే కోతులు లాగేస్తాయి, అరటిపళ్లు కవరులో వేలాడదీయకుండా గుడ్డసంచిలో మూతి బిగించి పట్టుకోండి.

బస బ్రిక్‌ఫీల్డ్స్‌లో తీసుకోండి, కేఎల్ సెంట్రల్ పక్కనే, మన భోజనం దొరుకుతుంది. అక్కడి కాలిబాటలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, స్టేషన్ ఎదురుగా ఉన్నా చీకటి పడ్డాక కారే మంచిది. ట్విన్ టవర్లు సోమవారం సెలవు. లోపలికి వెళ్లకపోయినా సాయంత్రం కేఎల్‌సీసీ పార్కు బెంచీ మీద కూర్చుంటే టవర్లూ, ఫౌంటెన్లూ ఖర్చు లేకుండానే కనిపిస్తాయి. విమానాశ్రయానికి కేఎల్ సెంట్రల్ నుంచి కేఎల్‌ఐఏ ఎక్స్‌ప్రెస్ రైలు టెర్మినల్ 1కి 28 నిమిషాలు, టెర్మినల్ 2కి 33. ఏ టెర్మినలో టిక్కెట్టు మీద చూసుకుని దిగండి.