పరగడుపున మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ 9.8 ఎందుకు వచ్చింది?

రాజోలు కోడలు:
అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్ళు. థైరాయిడ్ గ్రంథి మందగించిందని మూడేళ్ళుగా 75 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ మాత్ర వాడుతున్నాను. నిరుడు సంక్రాంతి ముందు, గ్రంథి మందగించేకొద్దీ రక్తంలో పెరిగే హార్మోను టీఎస్‌హెచ్ 3.1 ఉంది, మొన్న మరొక ల్యాబులో చేయిస్తే 9.8 వచ్చింది. మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. ఐదున్నరకు లేవగానే మాత్ర మింగి, పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు వాకిలి ఊడ్చి ముగ్గు వేసి వచ్చి కాఫీ తాగుతాను. మోకాళ్ళ నొప్పులకని ఆరు నెలలుగా కాల్షియం మాత్ర కూడా వేసుకుంటున్నాను, అది టిఫిను కాగానే ఏడున్నరకు. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తోంది, మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాను. మోతాదు పెంచాలా, ల్యాబు మారడం వల్ల అంకె మారిందా, క్యాబేజీ, కర్రపెండలం మానేయాలా? అత్తగారు ప్యాకెట్ ఉప్పు మాని కల్లుప్పు వాడమంటున్నారు. వచ్చే వారం డాక్టరు దగ్గరకు వెళ్ళాలి, ఈలోపు అనుభవం ఉన్నవారు చెప్పండి.

తణుకు పిన్ని:
క్యాబేజీ మాట చూశాక రాయకుండా ఉండలేకపోయానమ్మా. పక్కింటావిడ మాట పట్టుకుని నాలుగేళ్ళు క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి ఇంట్లోకి రానివ్వలేదు. పెళ్ళిళ్ళలో విస్తరి ముందు కూర్చుని ప్రతి కూరలోనూ ఏం వేశారో అడిగి తినేదాన్ని. చివరకు డాక్టరును అడిగితే, ఉడికించిన కూరలు అందరిలాగే తినవచ్చని, పచ్చివి రోజూ పెద్ద మొత్తంలో తినేవారికి, అందులోనూ ఒంట్లో అయోడిన్ తక్కువగా ఉన్నవారికే ఇబ్బంది అని చెప్పారు. కర్రపెండలం సంగతి కూడా అంతే. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు వెళ్ళే ఆ దుంపలో సహజంగా ఉండే సయనైడ్ పదార్థం ఒంట్లో థయోసయనేట్‌గా మారి, థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. తొక్క తీసి బాగా ఉడికించి ఎప్పుడో ఒకసారి తింటే భయపడవలసిన పని లేదు. ఆ నాలుగేళ్ళలోనూ నా టీఎస్‌హెచ్ తగ్గింది లేదు.

కాకినాడ ల్యాబ్:
నేను 18 సంవత్సరాలుగా రక్తపరీక్షల పనిలోనే ఉన్నాను, కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు. ల్యాబుకు ల్యాబుకు తేడా ఉంటుంది కానీ, 3.1ని 9.8 చేసేంత తేడా సాధారణంగా ఉండదు. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. అందుచేత ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే ఉదయం, ఆ రోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. పరగడుపున ఉండాలన్న నియమం ఈ పరీక్షకు లేదు. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారా? దానివల్ల కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోను టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. కనీసం రెండు రోజుల ముందు ఆపి రావాలి. ఈ సంగతి చెప్పకుండా రక్తం ఇచ్చి, తరువాత మా మీద కేకలు వేసేవారిని ఎంతమందిని చూశానో.

కొత్తపేట రైతు:
అసలు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. మా అమ్మ, మా నాయనమ్మ జీవితమంతా కల్లుప్పే వాడారు. ఆవకాయలోనూ అదే, చేపల పులుసులోనూ అదే. వారికి థైరాయిడ్ అన్న మాటే తెలియదు. అయోడిన్ కలిపిన పొడి ఉప్పు ప్యాకెట్లు ఇంటికి వచ్చాకే మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళకు ఈ జబ్బు వచ్చింది. నా భార్య చేత ఏడాదిగా ఆ ఉప్పు మాన్పించాను. రాజోలు చెల్లెమ్మా, మీ అత్తగారు చెప్పిన మాటే సరైనది.

భీమవరం టీచర్:
రైతుగారూ, పెద్దవారని గౌరవిస్తూనే చెబుతున్నాను, ఇది ప్రమాదకరమైన సలహా. మీ నాయనమ్మగారికి థైరాయిడ్ లేదని ఎవరు పరీక్ష చేశారు? అప్పట్లో ఈ పరీక్షే ఊళ్ళకు రాలేదు. నీరసంగా ఉన్న మనిషిని బద్ధకస్తురాలు అనేవారు, ముఖం ఉబ్బితే నీరు పట్టింది అనేవారు. అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, తయారుచేసే టీ4 అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి. ఆ అయోడిన్ తిండి నుంచే రావాలి. అది చాలక గొంతు ముందు వాపు, అంటే గాయిటర్, వచ్చేవారు ఎక్కువగా కనిపించినందువల్లే 1962లో కేంద్ర ప్రభుత్వం గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. 1992లో దానినే, పుట్టే పిల్లల్లో బుద్ధిమాంద్యంతో సహా, అయోడిన్ లోప రుగ్మతలన్నింటికీ విస్తరించింది. మన ఇంటికి చేరేసరికి ఉప్పులో పదిలక్షల భాగాలకు 15 భాగాల అయోడిన్ ఉండాలన్నది నియమం. ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు ఉంటే మీ ప్రయోగానికి మూల్యం చెల్లించేది వారు.

కొత్తపేట రైతు:
ప్రయోగం అంటారేమిటి టీచరమ్మగారూ? తరతరాలుగా తిన్నది ప్రయోగమా, మొన్న వచ్చింది ప్రయోగమా? సముద్రం పక్కన పుట్టినవాళ్ళం, వారానికి మూడు రోజులు సముద్రపు చేప, రొయ్య తింటాం. మాకు అయోడిన్ తక్కువేమిటి? కొండ ప్రాంతాల వారికి పెట్టిన నియమం మా నెత్తిన రుద్దారు. పుస్తకంలో చదివింది ఒకటి, ఇంట్లో మనిషి కళ్ళ ముందు కుంగిపోవడం ఒకటి. నా భార్య బాధ నాకు తెలుసు, మీకు తెలియదు.

భీమవరం టీచర్:
నాకు తెలియదని మీరు ఎలా అంటారు? పదకొండేళ్ళుగా ఈ మాత్ర మింగుతున్నది నేనే. మా తరగతిలో పాఠం చెబుతూ మధ్యలో మాట మరచిపోయి పిల్లల ముందు నిలబడిపోయిన రోజులు నాకు ఉన్నాయి. నేను పుస్తకం నుంచి మాత్రమే మాట్లాడటం లేదు.

కాకినాడ ల్యాబ్:
ఇద్దరూ శాంతించండి. రైతుగారి మాటలో ఒక పాలు నిజం ఉంది. అయోడిన్ మితిమీరితే, ముందే ఈ జబ్బు వచ్చే స్వభావం ఉన్నవారిలో గ్రంథి మందగించవచ్చు. అయితే కూరలో వేసుకునే ఉప్పుతో మితిమీరదు. అయోడిన్ కలిపిన ఉప్పు అందుతున్న చోట ఈ జబ్బుకు ఎక్కువగా కారణం మన ఒంటి రక్షణ వ్యవస్థే మన గ్రంథి మీద దాడి చేయడం. జపాను వైద్యుడు హషిమొటో 1912లోనే దీనిని వివరించారు. ఆనాటికి అయోడిన్ ఉప్పు ప్యాకెట్లు ఎక్కడివి? యాంటీ టీపీఓ అనే పరీక్ష చేయిస్తే ఇది చాలావరకు తెలుస్తుంది. రైతుగారూ, ఉప్పు మాన్పించాక మీ ఇంట్లో ఆవిడకు టీఎస్‌హెచ్ ఎంత వచ్చింది? అంకె చెప్పండి.

పాలకొల్లు:
ఉప్పు గొడవ తరువాత చూసుకోండి. నా బాధ వినండి. నాకు టీఎస్‌హెచ్ 2.4కు వచ్చిందని సంతోషించి, జబ్బు నయమైంది కదా అని నాకు నేనే మాత్ర ఆపేశాను. మొదటి రెండు మూడు వారాలు ఏమీ తెలియలేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుందట, అందుకే ఆపినా బాగానే ఉన్నామనిపిస్తుంది. నాలుగో నెలకు గొంతు బొంగురుపోయింది, మే నెలలో దుప్పటి కప్పుకున్నాను, కొలెస్ట్రాల్ ఎన్నడూ లేనంత పెరిగింది. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 60 దాటింది. మాత్ర వేసుకుంటున్నందువల్లే అంకె బాగుందన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రాజోలు అమ్మాయీ, నువ్వు 75 మానేసి రేపటి నుంచే 100 వేసుకో, నాకు అలాగే తగ్గింది.

అమలాపురం నర్సు:
పాలకొల్లు అన్నయ్యగారూ, చివరి మాట దయచేసి వెనక్కు తీసుకోండి. ఎవరి మోతాదూ మరొకరికి పనికిరాదు. బరువు, వయసు, గుండె పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. పెద్ద వయసు వారికి, గుండెజబ్బు ఉన్నవారికి 25తోనో అంతకంటే తక్కువతోనో మొదలుపెడతారు. ఎక్కువైతే గుండె దడ, నిద్రలేమి వస్తాయి, ఏళ్ళ తరబడి అలాగే సాగితే ఎముకలు గుల్లబారతాయి. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మనిషికి అది మరీ చేటు.

రాజోలు చెల్లీ, నీ ప్రశ్నలోనే జవాబు ఉంది, ఇంతమందిలో ఎవరూ దానిని పట్టించుకోలేదు. పాలు కాగేలోపు ముగ్గు అయిపోతుందంటే పావుగంట. మాత్రకు, కాఫీకి మధ్య అరగంట తప్పనిసరి, గంట అయితే మేలు. ఇక కాల్షియం. అది పేగులో ఈ మందును పట్టేసుకుని రక్తంలోకి వెళ్ళనివ్వదు. రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి, నువ్వు రెండు గంటలే ఇస్తున్నావు. ఐరన్ మాత్రలకూ, ఎసిడిటీకి తాగే తెల్లమందుకూ ఇదే నియమం. ముందు వేళలు సరిచేసుకో, డాక్టరుకు ఈ సంగతంతా చెప్పు, ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయించు. అంతకు ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు.

మండపేట:
ఐరన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. థైరాయిడ్ మాత్ర వాడే మా అమ్మాయికి ఇప్పుడు రెండో నెల, ఐరన్ కూడా వేసుకుంటోంది. డాక్టరమ్మ వెంటనే వారానికి 7 థైరాయిడ్ మాత్రల బదులు 9 వేసుకోమన్నారు. కడుపులో బిడ్డకు మందు ఎక్కువైపోతుందేమోనని మా వియ్యపురాలు కంగారు పడుతున్నారు.

అమలాపురం నర్సు:
డాక్టరమ్మ చెప్పినట్టే వాడించండి పిన్నిగారూ. మొదటి మూడు నెలలూ బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం, అందుకే నిర్ధారణ కాగానే పెంచుతారు. నాలుగు వారాలకు ఒకసారి పరీక్ష చేయించండి. ఐరన్ మధ్యాహ్నం భోజనం తరువాతకు మార్చండి.

నరసాపురం:
నాది వేరే అనుభవం. వేసవిలో నెలకు సరిపడా మాత్రలు సీసాలోంచి తీసి, గూట్లో దేవుడి పటం పక్కన స్టీలు డబ్బాలో పోసుకునేవాడిని. మా పెంకుటింట్లో ఏప్రిల్, మే నెలల్లో ఆ గూడు చేత్తో తాకితే వెచ్చగా ఉంటుంది, పైగా సముద్రపు తేమ. మాత్రలు మెత్తబడి అంచులు పొడి రాలుతున్నా పట్టించుకోలేదు. ఆ రెండు నెలలూ అంకె పెరిగింది. ఈ మందుకు వేడి, తేమ, వెలుతురు మూడూ పడవని తరువాత తెలిసింది. ఇప్పుడు సీసాలోనే ఉంచి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో బీరువాలో పెడుతున్నాను.

కొత్తపేట రైతు:
కాకినాడ తమ్ముడు అడిగాడు కాబట్టి దాచకుండా చెబుతున్నాను. నిన్న పరీక్ష చేయించాము. ఉప్పు మాన్పించక ముందు 6.2, ఇప్పుడు 7.0. తగ్గలేదు. ఆవిడ మాత్ర కూడా ఇడ్లీ తిన్నాక వేసుకుంటోందని నాకు నిన్ననే తెలిసింది. నేను ఉప్పు చూశానే కానీ మాత్ర చూడలేదు. టీచరమ్మగారూ, ఆ రోజు మీకు తెలియదని అన్నందుకు ఏమీ అనుకోకండి. అయోడిన్ కలిపిన కల్లుప్పు కూడా కొట్లో ఉందట, అది తెచ్చాను. ఆవకాయకు మాత్రం పాత ఉప్పే.

భీమవరం టీచర్:
ఆవకాయకు ఏ ఉప్పయినా నాకు అభ్యంతరం లేదండి. డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టమనండి, వేడికి, తేమకు అయోడిన్ పోతుంది. ఆవిడకు మాత్ర లేవగానే ఇవ్వండి.

రాజోలు కోడలు:
రెండు నెలల తరువాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. డాక్టరు మోతాదు మార్చలేదు, 75 మీదే ఉంచారు. కాల్షియం రాత్రి భోజనం తరువాతకు మార్చాను. ఇప్పుడు మాత్ర మింగి, వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, అంట్లు తోమి, పిల్లల నీళ్ళు కాచాక పాలు పెడుతున్నాను. మొదటి వారం కాఫీ లేక తల పగిలిపోయింది. అదే ల్యాబులో, అదే వేళకు, మాత్రకు ముందు రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 3.6. ఉప్పు మార్చలేదు, క్యాబేజీ మానలేదు. జుట్టు మాత్రం ఇంకా రాలుతూనే ఉంది. దాని గురించి ఎవరూ రాయలేదు.

తణుకు పిన్ని:
జుట్టు చివర వస్తుందమ్మా. నాకు అంకె బాగుపడ్డాక ఆరు నెలలు పట్టింది. ముందు నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు నిలబడతాయి, అద్దంలో చూసుకో.