ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటుంటే కూకట్‌పల్లి ఫ్లాటు సంగతి అడుగుతున్నారు

రీడింగ్ వాసి:
నమస్కారమండీ. ఇక్కడ మూడు పడక గదుల ఇల్లు చూశాం. 3,80,000 పౌండ్లకు బేరం కుదిరింది. నా పేరున ఎక్కడా ఇల్లు లేదు. మా ఆవిడ పెళ్లికి ముందు కొన్న ఫ్లాటు కూకట్‌పల్లిలో ఉంది. అద్దెకిచ్చాం. ఇప్పుడు 70 లక్షల దాకా పలుకుతుంది. కొనుగోలు పనులు చూసే లాయరు (సాలిసిటర్) పంపిన ప్రశ్నల్లో ‘ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లుందా’ అని ఒకటి ఉంది. అక్కడి ఫ్లాటుకూ ఇక్కడి స్టాంపు డ్యూటీకీ ఏమిటి సంబంధం? ఇల్లు నా ఒక్కడి పేరున కొంటే సరిపోతుందా? డిపాజిట్‌లో కొంత మా నాన్నగారు తెనాలి దగ్గర పొలం అమ్మి పంపుతున్నారు.

మిల్టన్ కీన్స్ మామయ్య:
సంబంధం గట్టిగానే ఉందండీ. ఇందులో రెండు నిబంధనలున్నాయి, మనవాళ్లు తరచూ రెండిటినీ కలిపేస్తారు.

మొదటిది, తొలిసారి ఇల్లు కొనేవారికిచ్చే రాయితీ. ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ ఇల్లు లేనివారికే ఇది వర్తిస్తుంది. వారసత్వంగా వచ్చిన వాటా ఉన్నా, ఎప్పుడో అమ్మేసినా రాయితీ పోయినట్లే. పొలం, ఖాళీ ప్లాటు మాత్రం ఇల్లు కిందికి రావు. ఇద్దరి పేర్లా కొంటే ఇద్దరికీ ఈ అర్హత ఉండాలి.

రెండోది, అదనపు ఇంటిపై సర్‌చార్జి. 2024 అక్టోబరు 31 నుంచి ఇది 5 శాతం. ఇక్కడ భార్యాభర్తలను ఒకటిగానే చూస్తారు. మీ ఒక్కరి పేరున కొన్నా, కొన్న రోజు ముగిసేసరికి ఆవిడ పేరున 40,000 పౌండ్లు లేదా అంతకు మించి విలువచేసే ఇల్లు ఎక్కడున్నా ఇది పడుతుంది. మీ ఫ్లాటు ఆ గీత దాటేసింది.

2025 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మీ ఇంటికి లెక్క ఇది: రాయితీ దొరికితే 4,000 పౌండ్లు, మామూలుగా అయితే 9,000, సర్‌చార్జితో 28,000. ఫ్లాటు ముందే అమ్మేసి మీ ఒక్కరి పేరునే కొంటే 4,000తో పోతుంది. ఆవిడ పేరు కూడా చేర్చితే 9,000. తర్వాత అమ్మి సర్‌చార్జి వెనక్కి తెచ్చుకుందామంటే కుదరదు. అమ్మినది గత మూడేళ్లలో మీరు నివాసమున్న ఇల్లయితేనే ఆ వెసులుబాటు. మీది అద్దెకిచ్చిన ఫ్లాటు.

హౌన్స్‌లో అతిథి:
కూకట్‌పల్లి ఫ్లాటు సంగతి వీళ్లకెలా తెలుస్తుందండీ? రాయకుండా ఊరుకుంటే?

మిల్టన్ కీన్స్ మామయ్య:
అద్దె ఏ ఖాతాలో పడుతోంది? ఇండియా, బ్రిటన్ పన్ను శాఖలు బ్యాంకు ఖాతాల వివరాలు ఏటా ఇచ్చిపుచ్చుకుంటాయి. పైగా స్టాంపు డ్యూటీ రిటర్నులోని వివరాలు నిజమని చెప్పేది కొనేవారే, సాలిసిటర్ కాదు. ఇలాంటి సలహాలు దయచేసి ఇక్కడ వద్దు.

లెస్టర్ లెక్కలు:
నాన్నగారి డబ్బు గురించి. మనీ లాండరింగ్ నిబంధనల వల్ల సాలిసిటర్ మూలం దాకా వెళ్తారు. డబ్బు మీ ఖాతాలో పడిన కాగితం చూపిస్తే చాలదు, నాన్నగారికి ఎలా వచ్చిందో కూడా చూపాలి. పొలం విక్రయ దస్తావేజు, కొన్నవారి దగ్గర నుంచి ఆయన ఖాతాకు సొమ్ము చేరిన స్టేట్‌మెంటు అడుగుతారు. దస్తావేజు తెలుగులో ఉంటుంది కాబట్టి ధ్రువీకరించిన అనువాదం ముందే చేయించండి. మా కేసులో ‘సెంట్లు’ అంటే ఏమిటో వివరిస్తూ ఒక ఉత్తరం కూడా రాయాల్సి వచ్చింది. రుణమిచ్చే బ్యాంకు కోసం నాన్నగారు ఒక కాగితం మీద సంతకం చేయాలి: ఇది కానుక, అప్పు కాదు, ఇంట్లో నాకు వాటా అక్కర్లేదు అని.

ఇండియా వైపు ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపన్ను) వసూలు చేస్తుంది. ఆయన రిటర్నులో అది సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా ఆ సొమ్ము అక్కడే ఇరుక్కుంటుంది. డిపాజిట్ లెక్క వేసేటప్పుడు దాన్ని తీసేసి చూసుకోండి.

బ్రిస్టల్ పిన్ని:
‘బేరం కుదిరింది’ అన్నారు, నిజానికి ఇంకా కుదరలేదండీ. మన ఊళ్లో బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే అవతలివాళ్లు మాట తప్పడానికి కాస్త జంకుతారు. ఇక్కడ ఇరువైపులా సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఒకరితో ఒకరు మార్చుకునే రోజు వరకు ఎవరికీ ఏ బంధనమూ లేదు. 1989 చట్టం ప్రకారం భూమి, ఇంటి అమ్మకానికి సంతకాలతో రాతపూర్వక ఒప్పందం ఉండాల్సిందే. మేము సర్వేకు, సెర్చిలకు (ఆ ఇంటి రికార్డుల తనిఖీలకు) డబ్బు కట్టాక అమ్మే ఆయన ఇంకొకరు ఎక్కువిస్తామన్నారని తప్పుకున్నాడు. ఒక్క పౌండు తిరిగి రాలేదు.

తర్వాత మరో ఇల్లు కొన్నాం. ఇప్పుడు దాన్నే అమ్ముతున్నాం. అమ్మేవైపు తలనొప్పులు వేరు. పాత యజమాని గ్యారేజీని గదిగా మార్చాడు, కానీ బిల్డింగ్ రెగ్యులేషన్స్ పూర్తయినట్లు సర్టిఫికెట్ లేదు. మన మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్‌కు ఫోన్ చేసి కనుక్కుందామనుకుంటుంటే సాలిసిటర్ ఆపారు. ఇలాంటి లోపానికి ఇండెమ్నిటీ పాలసీ అనే బీమా తీసుకోవచ్చు, కానీ కౌన్సిల్ చెవిన వేశాక ఆ పాలసీ దొరకదు. చివరికి పాలసీతోనే పని జరిగింది. అయితే పాలసీ కాగితానికి రక్షణే గానీ గోడకు కాదు. కొనేవారు సర్వేయర్‌తో ఆ గది ప్రత్యేకంగా చూపించుకోవాలి.

ఇంకొకటి. మెట్ల కింద అల్మరాలో మా పూజామందిరం ఉంది, చెక్కపని, గోడకు మరలతో బిగించినది. ఇంట్లో ఏవి ఉంచుతున్నారో, ఏవి తీసుకెళ్తున్నారో రాసే టీఏ10 ఫారంలో దాన్ని ‘తీసుకెళ్తాం’ అని విడిగా రాయించాను. బిగించిన వస్తువు ఇంటితోపాటే వస్తుందని కొనేవారు అనుకుంటే తప్పు వాళ్లది కాదు.

హౌన్స్‌లో అతిథి:
నా పాత మాట వదిలేయండి. మేము చూస్తున్నది లీజుహోల్డ్ ఫ్లాటు, అంటే స్థలం వేరొకరిది, ఫ్లాటు ఇన్నేళ్లకని లీజుకు, లీజు ఇంకా 78 ఏళ్లే ఉంది. పరవాలేదా?

మిల్టన్ కీన్స్ మామయ్య:
80 ఏళ్ల లోపు లీజు పొడిగించుకుంటే ‘మ్యారేజ్ వాల్యూ’ అని, అంటే పొడిగింపుతో ఫ్లాటుకు పెరిగే విలువలో వాటా, స్థలం యజమానికి అదనంగా కట్టాలి. దాన్ని ఎత్తేస్తూ 2024లో చట్టం వచ్చింది, కానీ ఆ భాగం ఇంకా అమలులోకి రాలేదు. కొన్నాక పొడిగింపు అడగడానికి రెండేళ్లు ఆగాలన్న నియమం మాత్రం 2025 జనవరి 31న పోయింది. పొడిగింపు ఖర్చు ఎంతో లెక్క వేయించి, అంత ధర తగ్గించమనండి. తగ్గించకపోతే వేరే ఫ్లాటు చూసుకోండి.

రీడింగ్ వాసి:
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో మాట్లాడుకున్నాం, కూకట్‌పల్లి ఫ్లాటు ముందే అమ్మేస్తాం. మరో ప్రశ్న. అత్తయ్యగారు కంప్లీషన్‌కు, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజుకు, ముహూర్తం చూసి పెట్టుకోమంటున్నారు. వీలవుతుందా?

బ్రిస్టల్ పిన్ని:
తేదీ అడగండి, తప్పులేదు. కానీ ఒకరు అమ్మితేనే ఇంకొకరు కొనగలిగే గొలుసులో మీ వెనకా ముందూ ఎన్ని ఇళ్లుంటే అంతమందీ ఒప్పుకోవాలి. ఇంగ్లిష్ కుటుంబానికి ఆషాఢం వివరించి చూశాను, మర్యాదగా విన్నారు, శుక్రవారమే ఖాయం చేశారు. తాళాలు ఆ రోజు తీసుకుని, పాలు పొంగించడం శ్రావణంలో పెట్టుకున్నాం. ఒకసారి కాంట్రాక్టులు మారాక తేదీ తప్పితే రోజువారీ వడ్డీ పడుతుంది. ఆపై నోటీసు ఇస్తే పది పనిదినాలు, అప్పటికీ డబ్బు కట్టకపోతే పది శాతం డిపాజిట్ పోతుంది. ఇంటి బీమా కూడా కాంట్రాక్టులు మారిన రోజు నుంచే మీరు తీసుకోవాలి.

లెస్టర్ లెక్కలు:
రీడింగ్ వారికి ఒక మాట. మీ ఆవిడ ఎన్నారై కాబట్టి ఫ్లాటు కొనేవారు టీడీఎస్ కోసి ఇస్తారు. తక్కువ కోత ధ్రువపత్రానికి ఆదాయపన్ను శాఖకు ఇప్పుడే దరఖాస్తు చేయించండి, వారాలు పడుతుంది. ఆవిడ వెళ్లలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీని లండన్ హైకమిషన్‌లోనో బర్మింగ్‌హామ్ కాన్సులేట్‌లోనో ధ్రువీకరించి పంపాలి. అది ఇండియా చేరాక మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ ఫ్లాటు అమ్మకం రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇక్కడ కాంట్రాక్టులు మార్చుకోవద్దని సాలిసిటర్‌కు ఈరోజే రాయండి.